కెమెరా పాడైందని అనుకునే ముందు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. కొత్త కెమెరా అప్పుడే పాడైపోయిందని, ఫొటోలన్నీ మసకగా, చీకటిగా వస్తున్నాయని టెన్షన్ పడుతున్నావు. నువ్వు పంపిన మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నీ కెమెరా బాగానే ఉంది. ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, తీసిన ప్రతి ఫొటోలోనూ కెమెరా కొన్ని అంకెలు రాసిపెడుతుంది. షట్టర్ స్పీడ్ ఎంత, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత, ఐఎస్ఓ (ఫొటో వెలుగుని పెంచే సెట్టింగ్) ఎంత, లెన్స్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉంది, అంటే ఎంత జూమ్ చేశావు, అన్నీ ఉంటాయి. కెమెరాలోనే ఫొటో చూస్తూ ఇన్ఫో బటనో డిస్‌ప్లే బటనో నొక్కితే నీకూ కనబడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ సమాచారం పోతుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపమన్నాను.

ముందు, పిల్లవాడు పరిగెడుతున్న ఫొటో సంగతి. అందులో షట్టర్ స్పీడ్ 1/30 అని ఉంది. సెకనులో ముప్పయ్యో వంతు సేపు షట్టర్ తెరిచి ఉందన్నమాట. ఆ కాస్త సేపట్లోనే పిల్లవాడు జరిగిపోయాడు, జరిగినంత మేరా చెరిగినట్టు పడ్డాడు. వెనక గోడ మాత్రం చక్కగా ఉంది చూడు. మసకగా ఉన్న ఫొటో చూసినప్పుడల్లా మొదట వెతకాల్సింది ఇదే: ఫొటోలో ఎక్కడైనా స్పష్టంగా ఉందా? కదలని వస్తువులు స్పష్టంగా ఉండి, కదిలేది మాత్రమే చెరిగిపోతే షట్టర్ స్పీడ్ చాలలేదు. అంతా ఒకే దిక్కుకి సాగినట్టుంటే నీ చెయ్యి కదిలింది. నువ్వు అనుకున్న ముఖం మెత్తగా ఉండి, ముందో వెనకో ఇంకేదో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పు చోట పడింది. ఈ మూడింటికీ మందు వేరు వేరు. పరిగెత్తే పిల్లలకి 1/500 దగ్గర మొదలుపెట్టు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 50 మిల్లీమీటర్ల లెన్స్‌కి కనీసం 1/50, 200కి కనీసం 1/200 ఉండాలని ఒక లెక్క. నీ కెమెరాలో ఉన్న చిన్న సెన్సర్‌కి (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్) ఇంకో సగం కలుపుకో, 200 దగ్గర 1/300 అనుకో. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ నీ చేతి వణుకుని ఆపుతుంది గానీ, పిల్లవాణ్ణి ఆపలేదు.

స్పీడ్ పెంచితే వెలుతురు తగ్గుతుంది కదా, మరి ఎక్కడి నుంచి తేవాలి? అపర్చర్ తెరవాలి, అదీ చాలకపోతే ఐఎస్ఓ పెంచాలి. అపర్చర్ అంకె పెద్దదైతే రంధ్రం చిన్నదెందుకైందని అడిగావు. లెన్స్ మిల్లీమీటర్లను రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె, దాని ముందు ఎఫ్ అని రాస్తారు. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఎఫ్2 అంటే రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్4 అంటే 12.5. వెడల్పు సగమైతే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. 2, 2.8, 4, 5.6, 8 అని వరసగా వెళ్తుంటే ఒక్కో మెట్టుకీ వెలుతురు సగమవుతుంది, ఫోకస్‌లో ఉండే లోతు పెరుగుతుంది. ఐఎస్ఓ 400 నుంచి 800 చేస్తే ఫొటో రెట్టింపు వెలుగుగా కనబడుతుంది, కానీ సెన్సర్ మీద పడే వెలుతురేమీ పెరగదు, అందుకే ఆ ఇసక చల్లినట్టుండే నాయిస్ బయటపడుతుంది. దానికి మరీ భయపడకు. నాయిస్ ఉన్న ఫొటోని తర్వాత కొంత సర్దుకోవచ్చు, చెరిగిపోయిన ముఖాన్ని సర్దలేం. ఇంట్లో రాత్రిపూట 3200 దాకా నిశ్చింతగా వెళ్లు.

రెండో ఫొటో చీకటిగా రావడానికి కారణం చిన్నది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ఫొటోని కావాలని వెలుగుగానో చీకటిగానో చేసే సెట్టింగ్, మైనస్ 2 మీద ఉంది, ఎప్పుడో చెయ్యి తగిలి తిరిగి ఉంటుంది. చాలా కెమెరాల్లో ఆపి మళ్లీ ఆన్ చేసినా అది సున్నాకి రాదు. అయితే తెల్ల గోడ ముందు తీసినప్పుడు దాన్ని నువ్వే ప్లస్ 1కి తిప్పాల్సి రావచ్చు. వెలుతురుని కొలిచే కెమెరా మీటర్‌కి ఎదురుగా ఉన్నది తెలుపో నలుపో తెలీదు, దేన్నయినా మధ్యరకం బూడిదరంగుకి తెచ్చేస్తుంది. మూడో ఫొటోలో పసుపు, వైట్ బ్యాలెన్స్‌ని (వెలుతురు రంగుకి తగ్గట్టు ఫొటో రంగులు సర్దే సెట్టింగ్) ఎండ మీద ఉంచి బల్బు కింద తీయడం వల్ల వచ్చింది. ఆటోలో పెట్టు. రా (RAW) ఫైల్‌గా, అంటే కెమెరా తన సర్దుబాట్లు కలపకుండా దాచే ఫైల్‌గా తీస్తే రంగు తర్వాత కూడా మార్చుకోవచ్చు.

ఇక బటన్ నొక్కినా షట్టర్ పడట్లేదన్నావు. చాలావరకు దానికి కారణం మరీ దగ్గరికెళ్లడమే, ప్రతి లెన్స్‌కీ అంతకన్నా దగ్గరైతే ఫోకస్ కాని దూరం ఒకటుంటుంది. రెండడుగులు వెనక్కి జరిగి చూడు. మెమరీ కార్డు అంచున ఉండే చిన్న లాక్ కిందికి జారిందేమో కూడా చూసుకో. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో మసకగా ఉండి ఫొటో బాగా వస్తే, కంటి దగ్గరుండే చిన్న చక్రాన్ని లోపలి అక్షరాలు స్పష్టమయ్యేదాకా తిప్పు. ప్రతి ఫొటోలోనూ ఒకే చోట మచ్చ కనబడితే అది సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీస్తే తేలిపోతుంది. చేతి బ్లోయర్‌తో ఊదు, నోటితో మాత్రం ఎప్పుడూ ఊదకు, ఉమ్మి తుంపర పడితే శుభ్రం చేయడం చాలా కష్టం. కార్డులో ఫొటోలు మాయమైతే ఆ క్షణమే తీయడం ఆపెయ్యి. కొత్తవి పాతవాటి చోటులోనే కూర్చుంటాయి, ఆపితే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరికే అవకాశం ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా తేడా పోకపోతే మెనూలో సెట్టింగ్స్ రీసెట్ చెయ్యి. తర్వాత బ్యాటరీ, కార్డు, లెన్స్ ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడు, రెండు కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. అప్పటికీ అదే తప్పు వస్తుంటే సర్వీసుకి ఇవ్వు. ఇచ్చేటప్పుడు కార్డు తీసి నీ దగ్గరే ఉంచుకో, తప్పు కనబడే ఫొటోలు రెండు కాపీ చేసివ్వు, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ నంబరు ఉంటే కాగితం మీద రాసివ్వు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న