పోస్టింగులకు వెళ్తున్న చిన్నమ్మడికి

చిన్నమ్మడూ,

సోమవారం నుంచి నీకు మెడిసిన్ వార్డులో పోస్టింగని మీ అమ్మ చెప్పింది. నువ్వు నర్సింగ్ యూనిఫాంలో దిగిన ఫోటో మా వీధిలో అందరికీ చూపించాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

గోళ్లు కత్తిరించుకో. ఏదో ఒకటి తిని వెళ్లు, ఖాళీ కడుపుతో డ్రెస్సింగు దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతాయి. చేయని ప్రొసీజరు చేశానని రికార్డులో రాయకు. మొదట్లో బెడ్లు సర్దమంటారు, చిన్నబుచ్చుకోకు. దుప్పటి మార్చేటప్పుడు రోగి నడుం కింద చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పడక పుండుకి మొదలు. డాక్టరు కన్నా ముందు అది నీ కంట్లోనే పడుతుంది.

నా భయమంతా సూది గురించే. నేను నర్సింగ్ చదివేటప్పుడు మా బ్యాచ్‌లో ఒకమ్మాయి నైట్ డ్యూటీలో రక్తం తీసి, సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకుంది. సిస్టర్ తిడతారని దూది చుట్టుకుని ఊరుకుంది. పక్క మంచం మీద పడుకునే నాకూ చెప్పలేదు. మూడు నెలలకి అన్నం సయించలేదు, కళ్లు పచ్చబడ్డాయి. హాస్టల్ తిండి వల్లేమో అనుకున్నాం. పరీక్ష చేస్తే హెపటైటిస్ బి, రక్తం ద్వారా అంటుకునే కాలేయం జబ్బు. బతికి బయటపడింది గానీ ఆ సంవత్సరం పరీక్షలు పోయాయి. తిట్టే నోటికి భయపడి పిల్ల ఎంత నలిగిపోయిందో!

వాడిన సూదికి మూత పెట్టకు. సిరంజి నుంచి సూదిని తెంపే హబ్ కట్టర్‌లో కత్తిరించి తెల్ల డబ్బాలో వెయ్యి. గుచ్చుకుంటే పిండకు, నోట్లో పెట్టుకోకు, పారే నీళ్ల కింద సబ్బుతో కడుక్కుని వెంటనే ఇన్‌ఛార్జ్‌కి చెప్పు. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. 28 రోజులు వాడాలి. ఎవరు కసిరినా పడు, చెప్పడం మాత్రం మానకు.

నీకసలు దాచే గుణం ఉంది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే గౌను కిందకి లాక్కుని, ఏం లేదు పెద్దమ్మా అన్నదానివి. వార్డులో ఆ పని చేశావో, నేనే బస్సెక్కి వస్తాను! అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి తల్లీ, నేను తిట్టను.

హెపటైటిస్ బి టీకా మూడో డోసు వేయించుకున్నావా? మొదటిది వేసిన ఆరు నెలలకి అది పడాలి. తర్వాత ఒకటి రెండు నెలలకి, టీకా పనిచేసిందో లేదో తెలిసే యాంటీబాడీ పరీక్ష చేయించుకో, కాలేజీ వాళ్లు అడగకపోయినా సరే. డబ్బులు నేను పంపిస్తాను. టీకా కార్డు ఫోటో తీసి ఈ రోజే పెట్టు.

నీ పెద్దమ్మ