సభ ఎక్కడ పెట్టాలని అడిగావు కదా

బరంపురం

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక చూశాను. నాలుగు దేశాల పేర్లు, ఒక్కోదానికి హాలు సైజు, హోటల్ గది రేటు, విమానాల సంఖ్య, చివర్లో మార్కులు. ఇన్నేళ్లూ యూరప్, అమెరికాల మధ్యే తిరిగిన మీ సాఫ్ట్‌వేర్ బృందం వార్షిక సమావేశాన్ని ఈసారి కొత్త ప్రాంతానికి తీసుకెళ్తారని, ఆ కమిటీలో నువ్వున్నావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ ఆ పట్టికలో ఒక గడి లేదమ్మా. మీ పని ఆ ప్రాంతంలో ఇప్పటికే చేస్తున్నవాళ్లు ఎవరు? ముందు ఆ గడి నింపు. అది ఖాళీగా ఉంటే మిగతా మార్కులు ఎన్ని వచ్చినా ఆ పేరు కొట్టెయ్.

ఇలాంటి కమిటీల్లో చాలాకాలం కూర్చున్నవాడిగా చెబుతున్నాను. హాలు డబ్బిస్తే దొరుకుతుంది. రాత్రి పదకొండుకి రైలు దిగిన విదేశీయుడికి ఫోన్ ఎత్తేవాళ్లు, సభ అయిపోయిన మరుసటి నెల కూడా అదే పని చేస్తూ ఉండేవాళ్లు మాత్రం డబ్బుకి దొరకరు. కొత్త ప్రాంతంలో సభ పెడితే అక్కడ కొత్త బృందం దానంతట అదే పుడుతుందని కొందరు వాదిస్తారు. నేను నమ్మను. ఉన్న బృందం బలపడుతుంది, అంతే.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంగతే చూడు. 1986లో శాన్‌డియాగోలో ఇరవై ఒక్క మందితో మొదలైంది. ఉత్తర అమెరికా దాటి ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్నది 1993లో. దక్షిణ అమెరికాలో మొదటి సమావేశం 2016లో, బ్యూనస్ ఎయిరీస్‌లో. 2020లో వాళ్ల పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 8719 అనే పత్రంగా రాసుకున్నారు (వాళ్ల పత్రాలకు ఆర్‌ఎఫ్‌సీ అని పేరు, పక్కన వరుస సంఖ్య). పనిచేసేవాళ్లు ఎక్కువగా ఎక్కడినుంచి వస్తున్నారో ఆ మూడు ప్రాంతాలకు, అంటే ఉత్తర అమెరికా, యూరప్, ఆసియాలకు వంతులవారీగా వెళ్లాలి. అప్పుడప్పుడు ఒకటి వాటి బయట పెట్టొచ్చు. దానికి జోడీ 8718 కూడా చదువు. ఏది తప్పనిసరో, ఏది ముఖ్యమో అందులో విడదీసి రాశారు. వీల్‌చైర్ లోపలికి వెళ్లగలగడం తప్పనిసరి జాబితాలో ఉంది. మీ పట్టికలో ఆ మాటే లేదు, చేర్చు.

మన దేశంలో మంచి ఉదాహరణ, డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని కలిసి తయారుచేసేవాళ్లది. 2023 సెప్టెంబరులో వాళ్ల ప్రపంచ సమావేశం కొచ్చిలో జరిగింది. అంతకుముందు 2022 నవంబరులో పాలక్కాడ్‌లో, 2023 జనవరిలో విల్లుపురంలో చిన్న సమావేశాలు పెట్టుకున్నారు. రెండూ మహానగరాలు కావు. భోజనాలు, మైకులు, రికార్డింగు, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం లాంటి పనులన్నీ చిన్న సభలోనే చేతికి అలవాటవుతాయి.

చివర్లో భయపడుతూ అడిగినట్టు అడిగావు, "మన గోపాలపూర్‌లో పెడితే ఎలా ఉంటుంది మావయ్యా?" అని. నాకు ఆ ఆశ నీకంటే ఎక్కువే. అయినా పెద్ద సభ ఇప్పుడే వద్దు. అంతర్జాతీయ విమానం దిగాలంటే భువనేశ్వర్, అక్కడినుంచి ఇంకా నూట డెబ్బై కిలోమీటర్లు. సముద్రం పక్కన మంచి గదులు కొన్నే. మీలో చాలామందికి అక్టోబరు ఇష్టమన్నావు. ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర దాటింది 2018 అక్టోబరు 11న. ఫైలిన్ తర్వాత గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. ఈ తీరంలో సభ అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే.

చిన్న సభ మాత్రం ఇక్కడ తప్పకుండా పెట్టండి. మ్యాప్ మీద గీత చూసి ఒడిశా ప్రాంతం, ఆంధ్ర ప్రాంతం అని లెక్కవేయకు. ఒక రాత్రి రైల్లో ఎవరెవరు రాగలరో లెక్కవెయ్. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇటు సికింద్రాబాద్, అటు హౌరా. ఇచ్ఛాపురం పక్కనే. పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్, శ్రీకాకుళం పిల్లలకు యూరప్ టికెట్ కలలో మాట, బరంపురం స్లీపర్ టికెట్ మాత్రం చేతిలో పని. ఇక్కడ ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ 2016 నుంచి ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ల్యాబ్‌లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు మా వీధిలోనే ఎందరో. సాఫ్ట్‌వేర్‌ని స్థానిక భాషల్లోకి తెచ్చే పనికి ఇంతకంటే తగినవాళ్లు నీకు ఎక్కడ దొరుకుతారు? వాళ్లు మీ సభకు వచ్చి ఒక్క చిన్న లోపం సరిచేసి పంపినా, అక్కడినుంచి మీ లెక్కలోకి వస్తారు. తీర్థం నాటికి మాత్రం తేదీలు పెట్టకండి. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే ఊళ్లో గది దొరకదు.

ఇక పెద్ద సభ ఏ దేశంలో పెట్టినా, ముందుగా ఎవరు రాలేరో అడుగు. ఏ పాస్‌పోర్టువాళ్లకు వీసా కష్టం? స్వలింగ సంబంధాలను నేరంగా చూసే దేశానికి రమ్మంటే మీ సభ్యుల్లో కొందరు మౌనంగా తప్పుకుంటారు, ఎందుకో కూడా చెప్పరు. ఆడపిల్లలు రాత్రిపూట హాలు నుంచి హోటల్‌కి నడిచి వెళ్లగలరా? ఈ ప్రశ్నలు కమిటీలో వేయడానికి మొహమాటపడకు. భారతదేశం అయితే కాన్ఫరెన్స్ వీసాకి హోంశాఖ, విదేశాంగ శాఖ అనుమతులు కావాలి. ఆ ఫైలు సభకు కనీసం ఆరునెలల ముందే కదలాలి. విదేశీ విరాళాలుంటే వాటిని నియంత్రించే చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ నిబంధనలు తెలిసిన ఆడిటర్‌తో మాట్లాడాకే రూపాయి తీసుకోండి.

ఇంటర్నెట్ గురించి ఒక్క మాట. రెండు కంపెనీల కనెక్షన్లు ఉన్నాయని హోటల్‌వాళ్లు గర్వంగా చెబుతారు. రెండు కేబుళ్లూ ఒకే కందకంలో వస్తే ఒక్క జేసీబీ చాలు. అవి ఏ దారిలో వస్తున్నాయో కాగితం మీద గీసి ఇమ్మను.

రెండో ఊరు కూడా చేతిలో ఉంచుకో. ఇంటర్నెట్ పేర్లు చూసే ఐకాన్ 2016లో శాన్ హువాన్‌లో పెట్టాల్సిన సభను జికా వైరస్ వల్ల హైదరాబాద్‌కి మార్చింది. నవంబరు 3 నుంచి 9 దాకా సభ. 8వ తేదీ రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి! జేబులో అయిదొందలు, వెయ్యి నోట్లు పెట్టుకున్న పరదేశీయుడి టెన్షన్ ఊహించు. ఇలాంటివి ఎవరూ ముందుగా చెప్పలేరు. అలాంటప్పుడు అతిథిని ఆటో ఎక్కించి, తన డబ్బుతో టిఫిన్ పెట్టించే స్థానికులు ఉన్నారా లేదా అన్నదే తేడా. అందుకే మొదటి గడి గురించి అంత పట్టుపడుతున్నాను.

ఊరు చిన్నదని ఎవరైనా తీసిపారేస్తే ఎసినో లారియో పేరు చెప్పు. ఇటలీలో వెయ్యి జనాభా కూడా లేని కొండ ఊరు. 2016లో వికీపీడియా రాసేవాళ్ల ప్రపంచ సభ వికీమేనియా అక్కడే జరిగింది, అతిథుల్లో చాలామంది ఊరివాళ్ల ఇళ్లలోనే ఉన్నారు.

చిన్న సభకి జనవరి అయితే నాకు రాయి. కాలేజీల పరీక్షల తేదీలు కనుక్కుంటాను. రెండు హాళ్లు నా మనసులో ఉన్నాయి. ఆదివారం టేపు పట్టుకెళ్లి వాటి ర్యాంపులు, బాత్‌రూమ్ తలుపుల వెడల్పు కొలిచి పంపిస్తాను. ఆ గడిలో రాయడానికి నువ్వు ఈలోగా ఇటువైపు నుంచి మీకు ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్‌కి చిన్న సవరణలు), అనువాదాలు పంపినవాళ్లు ఎవరున్నారో వెతుకు.

మీ మావయ్య