కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షతో ముందే తేలిపోతుందా? మా బాబు విషయంలో ఏం జరిగిందంటే

మీ అక్కగారి పాప 31 వారాలకే 1,300 గ్రాములతో పుట్టిందని, పన్నెండో రోజున పొట్ట ఉబ్బితే "ఎన్‌ఈసీ అనుమానం" అని, అంటే నెల తక్కువ పిల్లల్లో పేగు వాచి దెబ్బతినే జబ్బేమోనని, పాలు ఆపేశారని రాశారు. విజయనగరంలో బయటి ల్యాబుకి పట్టుకెళ్లి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చేయిస్తే ముందే తేలిపోతుందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను, తల్లిని. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఆరేళ్ల కిందట మా బాబు 30 వారాలకు 1,150 గ్రాములతో పుట్టాడు. శ్రీకాకుళంలో బాక్సులో ఉండగా పదహారో రోజున మేమూ ఇదే మాట విన్నాం.

ఆ పరీక్ష కోసం మీ అంతట మీరు పరుగెత్తకండి. పేగులో వాపు ఉంటే తెల్ల రక్తకణాల నుంచి ఆ ప్రొటీన్ మలంలోకి వస్తుంది, నిజమే. పెద్దవాళ్లకైతే గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు మామూలని రిపోర్టులో ఉంటుంది. పసిపిల్లల్లో ఏ జబ్బూ లేకపోయినా అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు, బిడ్డబిడ్డకీ తేడా ఉంటుంది. పెద్దల లెక్కతో చూస్తే బాక్సులో ఉన్న ప్రతి బిడ్డకీ జబ్బున్నట్టే. పైగా పేగు కదలడం ఆగిన బిడ్డ దొడ్డికి వెళ్తే కదా! మావాడు రెండు రోజులు వెళ్లనే లేదు.

నెట్‌లో ఇంకొకటి కూడా కనిపించి ఉంటుంది, ఐ-ఎఫ్‌ఏబీపీ అని. పేగు లోపలి పొరలో కణాలు దెబ్బతింటే బయటికి కారే ప్రొటీన్ అది. బాగా చిన్నది కాబట్టి రక్తంలోంచి మూత్రంలోకి వచ్చేస్తుంది, సూది గుచ్చకుండా చూడొచ్చు. నేనూ దాని గురించి తెగ చదివి ఆశపడ్డాను. కానీ అది ఎక్కువగా పరిశోధనల్లో ఉన్నదే, వార్డులో రోజూ వాడేది కాదు. దెబ్బ తగిలాక కారేది, దెబ్బ తగలబోతోందని ఎలా చెప్తుంది?

మా దగ్గర ముందు పసిగట్టింది నైట్ డ్యూటీ సిస్టర్, టేపుతో. సాయంత్రం బొడ్డు మీదుగా కొలిస్తే 22 సెంటీమీటర్లు, రాత్రి 24. నోట్లోంచి పొట్టలోకి వేసిన గొట్టంతో వెనక్కి లాగితే పాలకు బదులు ఆకుపచ్చటి రసం వచ్చింది. అంతకుముందే వాడు రెండుసార్లు ఊపిరి తీసుకోవడం ఆపాడు, మెషిన్ మోగింది. "ఇవి ఒక్కొక్కటే వస్తే సరే, మూడూ ఒకే పూట వచ్చాయమ్మా" అని ఆవిడ డాక్టరుగారిని లేపింది.

ఆ రాత్రి సీఆర్‌పీ, అంటే ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్, నార్మల్ అని వచ్చింది. మా ఆయన ఊళ్లో అందరికీ ఫోన్లు చేసేశారు. తర్వాత తెలిసింది, అది లివర్లో తయారై రక్తంలో పెరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుందని. ఇంకో చిక్కేంటంటే, ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది, పేగుల్లోనే అని చెప్పదు. మర్నాడు మళ్లీ చేస్తే బాగా పెరిగింది. ప్లేట్‌లెట్లు 1,90,000 నుంచి 84,000కి పడిపోయాయి. ఎక్స్‌రేలో పేగు గోడలోనే గాలి బుడగలు కనిపించాయి. 1978లో బెల్ అనే సర్జన్, ఆయనతో పనిచేసినవాళ్లు ఈ జబ్బు తీవ్రతకి పెట్టిన మూడు దశల్లో మావాడిది రెండోదన్నారు.

అందుకే ఒక్క రిపోర్టు చూసి సంబరపడకండి, హడలిపోకండి. నిన్న ఎంత, ఇవాళ ఎంత అని అడగండి. పొట్ట కొలత, ప్లేట్‌లెట్లు, సీఆర్‌పీ, ఎక్స్‌రే మళ్లీ ఎప్పుడు తీస్తారు, ఇవన్నీ. పేగుకి చిల్లు పడితే ఆపరేషన్ చేసే పిల్లల సర్జన్ అక్కడ ఉన్నారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అన్నది కూడా ఇవాళే అడిగి ఉంచండి. మమ్మల్ని మూడో రోజున విశాఖ పంపారు. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అంబులెన్సులో నాకు నోట మాట రాలేదు. అక్కడ పది రోజులు నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్లు, యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆపరేషన్ దాకా వెళ్లలేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక జాగ్రత్త. మా అత్తయ్య పొట్ట ఉబ్బిందనగానే వస అరగదీసి నాకిద్దామని కొంగున కట్టుకుని వచ్చేసింది. ప్రేమతోనే. కానీ పాలే ఆపేసిన బిడ్డకి వస, వాము నీళ్లు ఏవీ చుక్క కూడా పోయకూడదు.

పాలు ఆపారు కదా అని మీ అక్కని ఊరుకోనివ్వకండి. మూడు గంటలకోసారి పిండి, ఎలా దాచాలో సిస్టర్లని అడిగి దాచమనండి. 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, డబ్బా పాలే తాగిన నెల తక్కువ పిల్లల్లో ఈ జబ్బు తల్లిపాలే తాగినవాళ్ల కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువ కనిపించింది. మావాడికి పాలు మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదట పోసింది నేను దాచిన పాలే, ఒక్క మిల్లీలీటరు.

ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాల పాటు పొట్ట మీద కన్నేసి ఉంచండి. మానిన చోట పేగు సన్నబడిపోయి పొట్ట మళ్లీ ఉబ్బడం, ఆకుపచ్చగా వాంతి అవడం కొందరికి జరుగుతుందట. మాకు రాలేదు గానీ, ఆకుపచ్చటి వాంతి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి బయల్దేరమని డిశ్చార్జి రోజున రెండుసార్లు చెప్పి పంపారు.