జిల్‌ను ఒక్కసారి చూసి ఊరుకోకు

విశాఖపట్నం

చి. ల. సౌ. బుజ్జికి,

పెదమామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. బ్రెజిల్‌లో, ఆ కాంపినాస్‌లో గది దొరికిందని, గైడుగారు మంచివారని అమ్మ చెప్పింది. సంతోషం. కందిపప్పు, చింతపండు ఎక్కడ దొరుకుతాయో మీ అత్తయ్య విడిగా రాస్తుంది. నువ్వు ఉత్తరం చివర ఒక్క వాక్యం పడేశావు చూడు, "మామయ్యా, ఇరవై ఏడేళ్లు ఆ పాటగాడు జిల్ కచేరీల వెంట తిరిగారట కదా, నేను వెళ్లాలంటే ఏం చేయాలి?" అని. ఇది ఫోనులో తేలే విషయం కాదు. తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గానే చదువు.

ముందు పేరు పలకడం నేర్చుకో. జిల్బెర్టో జిల్ అని మనం రాసుకుంటాం గానీ, అక్కడి వాళ్ల నోట్లో చివరి 'ల' కరిగిపోయి 'జివ్' అన్నట్టు వినిపిస్తుంది. నేను ఉద్యోగం మీద ఆ దేశం వెళ్లిన కొత్తలో రికార్డుల దుకాణంలో 'గిల్' అని అడిగితే, కుర్రవాడు కాసేపు నా ముఖం చూసి చేపల మార్కెట్‌కు దారి చెప్పబోయాడు.

1998లో మొదటిసారి చూశాను. అప్పటికి నాకు వచ్చిన పోర్చుగీసు మందుల సీసా మీద చీటీ చదవడానికి సరిపోయేది, అంతే. ఆఫీసులో ఒకాయన తన దగ్గర మిగిలిన టికెట్ ఇచ్చి పంపించాడు. 'క్వాంటా' అనే రికార్డు రోజులవి. భౌతికశాస్త్రం మీదా, ఇంటర్నెట్ మీదా కూడా ఆయన పాటలు కట్టిన కాలం. నాకు వాటిలో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన చేతులు మాత్రం అర్థమయ్యాయి. బొటనవేలు మంద్రపు తీగల మీద డోలు కొట్టినట్టు నడక పట్టిస్తుంటే, మిగతా వేళ్లు ఆ నడకతో తగువు పెట్టుకున్నట్టు వేరే దారిన పోతున్నాయి. పైన గొంతు మూడో దారి. పక్కన ఇంకెవరో వాయిస్తున్నారేమోనని మెడ చాచి చూశాను కూడా.

నా పక్క సీటులో ఒక పెద్దావిడ మొదటి పాట నుంచీ ప్రతి మాటా గొంతెత్తి పాడుతోంది. నాకు చిరాకు వేసింది. డబ్బిచ్చి వచ్చింది ఈవిడ పాట వినడానికా అనుకున్నాను. సగం కచేరీ అయ్యాక ఆవిడే నా మోకాలి మీద తట్టి, ఎందుకు పాడడం లేదని అడిగింది. మాటలు రావన్నాను. అయితే ఎందుకు వచ్చావన్నట్టు చూసి మళ్లీ పాటలో పడిపోయింది. తిరువయ్యూరులో పంచరత్న కీర్తనల వేళ కింద కూర్చున్న వాళ్లు కూడా పాడతారే, అక్కడ ప్రతి కచేరీ అలాగే ఉంటుంది. కాబట్టి కనీసం అయిదు పాటల మాటలు నోటికి తెచ్చుకుని వెళ్లు. అర్థం తర్వాత చూసుకోవచ్చు.

'అకెలె అబ్రాసో'తో మొదలుపెట్టు, అది అందరికీ వచ్చు. 'ఆ కౌగిలింత' అని దాని భావం. పండగ పాటలా ఉంటుంది గానీ పుట్టింది చెరసాల నీడలో. 1968 డిసెంబరు 27న సైనిక ప్రభుత్వం ఆయన్నీ, స్నేహితుడైన మరో పాటగాడు కయెతానో వెలోజోనూ పట్టుకుపోయింది. మరుసటి ఏడాది క్రైస్తవుల భస్మ బుధవారం నాడు వదిలి, సొంత ఊరు సాల్వడార్ దాటి పోరాదని ఆంక్ష పెట్టింది. టీవీలో ఒక హాస్యనటుడి ఊతపదమైన ఆ పలకరింపును బ్యారక్‌లో సైనికులు ఈయన మీద వాడేవారట. ఆ మాటనే పట్టుకుని రియో నగరానికి వీడ్కోలు పాటగా మలిచి, 1969 జూలైలో సాల్వడార్‌లోని కాస్త్రో అల్వెస్ నాటకశాలలో కయెతానోతో కలిసి ఆఖరి కచేరీ చేసి, లండన్ వెళ్లిపోయారు. 1972 దాకా తిరిగి రాలేదు. ఇదంతా తెలిసి పాడితే నీ గొంతులో ఆ సంబరం వేరేగా పలుకుతుంది.

రెండోది 'దొమింగో నో పార్కె'. అది మన బుర్రకథలో ఒక ఘట్టంలాంటిది. ఇద్దరు మిత్రులు, ఒక అమ్మాయి, ఆదివారం తిరునాళ్లలో రంగులరాట్నం, చివరికి కత్తి. 1967 టీవీ పాటల పోటీలో ముతాంతెస్ అనే కుర్రకారు బృందం ఎలక్ట్రిక్ గిటార్లతో పాడి రెండో బహుమతి తెచ్చుకున్నారు. ఎలక్ట్రిక్ గిటారంటే అమెరికా వాళ్లకు దాసోహం అనడమే అని అక్కడి చదువుకున్న వాళ్లు కొందరు మండిపడుతున్న రోజులవి. ఆ గొడవ ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. ఆ రంగులరాట్నం మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

చప్పట్ల దగ్గర జాగ్రత్త. మనకు తాళమంటే మొదటి దెబ్బ మీద పట్టు. సాంబా అనే అక్కడి దరువులో పెద్ద డోలు బరువంతా రెండో దెబ్బ మీద వేస్తుంది. నువ్వు మొదటి దాని మీద కొట్టావంటే చుట్టూ అయిదారుగురు నీవైపు జాలిగా చూస్తారు. నేను ఆ జాలిని మూడేళ్లు భరించాను.

ఇక అసలు మాట. ఒక్కసారి చూసి, చూసేశాను అనుకోకు. మొదటిసారి నీకు జనం కనిపిస్తారు. రెండోసారి గిటారు కనిపిస్తుంది. ఆ తర్వాతే మనిషి కనిపించడం మొదలవుతుంది. ఆయన పాటల్లో ఒకదాన్ని నీదిగా పెట్టుకో. వెళ్లిన ప్రతిసారీ దాని కోసం కాచుకుని కూర్చో. ఆ ఏడాది దాన్ని ఎంత నిదానంగా పాడారు, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, ఏ మాటను జనానికి వదిలేశారు, ఇవి గమనించు. నాది 'ద్రావ్'. భార్య సాంద్రాతో విడిపోయినప్పుడు ఆవిడ కోసం కట్టిన పాట, 1982లో రికార్డు చేశారు. ఆ పేరు కూడా ఆవిడ ముద్దుపేరే. ప్రేమ అనేది గింజ లాంటిదని, నేలలో పడి చస్తేనే మొలకెత్తుతుందని అందులో అంటారు. మొదటిసారి విన్నప్పుడు మంచి రాగం అనుకున్నాను. పదేళ్లకు మాటలు తెలిశాక, భార్యతో విడిపోతూ ఒక మగవాడు దెప్పిపొడుపు లేకుండా ఇలా మాట్లాడగలడా అని ఆశ్చర్యపోయాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి మీ అత్తయ్యకు కాఫీ పెట్టి ఇచ్చాను. ఏమైందని కంగారు పడింది పాపం.

2003 జనవరి నుంచి 2008 దాకా ఆయన సాంస్కృతిక శాఖ మంత్రి. 2003లో ఐక్యరాజ్య సమితి సభామందిరంలో కచేరీ చేస్తే, ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వచ్చి డోలు అందుకున్నారు. దేశమంతా మురిసింది. నాకు మాత్రం ఆ అయిదేళ్లూ ఉక్రోషమే. మంత్రులు చాలామంది దొరుకుతారు, ఆ బొటనవేలు ఎక్కడ దొరుకుతుంది? పదవి వదిలాక, 2009లో సావో పాలోలో కొడుకు బెం జిల్‌తో కలిసి రెండు గిటార్ల కచేరీ చేశారు. ఆర్భాటం లేదు. అప్పటికే గొంతు పూర్వంలా లేదు, పై స్థాయిలో గరుకు తగులుతోంది. ఆయన దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. పై స్వరానికి ఎగబాకాల్సిన చోట కిందికి దిగి, మాటను దాదాపు చెప్పినట్టుగా వదిలేశారు. పాత రికార్డులు విని వెళ్లి, గొంతు పోయిందని పెదవి విరిచే వాళ్లు నీకు అక్కడ తగులుతారు. వాళ్ల పక్కన కూర్చోకు.

వాయిదా వేయవద్దని ఎందుకు అంటున్నానో కూడా చెబుతాను. జావో జిల్బెర్టో అని, జిల్ చిన్నతనంలో వాయించే అకార్డియన్ పక్కన పెట్టి గిటారు పట్టుకోవడానికి కారణమైన మహానుభావుడు. 2008 ఆగస్టులో సావో పాలోలోని ఇబిరాపుయెరా పార్కు ఆడిటోరియంలో పాడారు. టికెట్లు క్షణాల్లో అయిపోయాయి. మరోసారి చూద్దాంలే అనుకున్నాను. 2011లో ఎనభయ్యో ఏటి కచేరీల యాత్ర ప్రకటించి రద్దు చేశారు. 2019 జూలైలో వెళ్లిపోయారు. మా ఇంటి నుంచి ఆ పార్కుకు కారులో ఇరవై నిమిషాల దూరం, బుజ్జీ. మిల్టన్ నసిమెంటో అనే ఇంకో పెద్ద గాయకుడు కూడా 2022 నవంబరులో బెలో ఒరిజోంతెలో ఆఖరి కచేరీ చేసి వేదిక దిగారు.

2018లో నాకు అరవై నిండాయి. అక్కడ అరవై దాటిన వాళ్లకు టికెట్ సగం ధర. పుట్టినరోజు బహుమతిగా మొట్టమొదట కొనుక్కున్న అర టికెట్ జిల్‌దే. అంతకు రెండేళ్ల ముందు ఆయన మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. కోలుకుని, ఆ అనుభవాల మీదే 'ఓకే ఓకే ఓకే' అనే రికార్డు పాటలు కట్టారు. పరీక్ష కోసం గుండె నుంచి డాక్టరమ్మ తీసిన నాలుగు చిన్న ముక్కల మీద కూడా ఒక పాట! ముప్ఫై ఏళ్లకు పైగా మందుల కంపెనీలో పనిచేశాను గానీ, బయాప్సీ మీద సరసమైన పాట పుడుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

నువ్వు విద్యార్థినివి కాబట్టి నీకూ సగం ధరే. 'మేయా ఎంత్రాదా' అంటారు. విద్యార్థి కార్డు గేటు దగ్గర అడుగుతారు, ఇంట్లో మరిచిపోతే మిగతా సగం అక్కడికక్కడే కట్టించుకుంటారు. ఆన్‌లైన్‌లో కొంటే 'సౌకర్యం' పేరుతో అదనంగా గుంజుతారు. ఎవరికి సౌకర్యమో నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. సావో పాలోలో సెస్క్ అనే సంస్థ వేదికలు చాలా ఉన్నాయి, టికెట్ చవక, పెద్ద పెద్ద గాయకులు వస్తారు, అమ్మకం మొదలైన నిమిషాల్లో అయిపోతాయి. తేదీ రాసిపెట్టుకుని కూర్చో. పొంపేయా పేటలో ఉన్న వేదిక ఒకప్పటి పీపాల ఫ్యాక్టరీ, లీనా బో బార్డి అనే ఆవిడ దాన్ని కళాకేంద్రంగా మార్చింది. అక్కడి నాటకశాలలో చెక్క కుర్చీలు, మెత్తలుండవు. శాలువా మడిచి వేసుకో. రాత్రి కచేరీకి వెళ్తే కాంపినాస్‌కు అదే రాత్రి బయలుదేరవద్దు. ఆలస్యంగా మొదలుపెడతారు, మెట్రో మామూలుగా అర్ధరాత్రికి మూసేస్తారు. సావో పాలోలోనే ఎవరింట్లోనైనా పడుకో.

వీలైతే ఒక కార్నివాల్ పండగకు సాల్వడార్ వెళ్లు. ఆయన పుట్టిన ఊరు. అక్కడ తెల్లబట్టలు, తెల్ల తువ్వాలుతో కుట్టిన తలపాగాలు వేసుకుని వేలమంది మగవాళ్లు పెలొరీన్యో అనే పాతపేట రాళ్ల వీధుల్లో గంటల దరువు మీద నడుస్తారు. వాళ్ల పేరేమిటో తెలుసా? ఫీల్యోస్ ది గాంధీ, అంటే గాంధీ బిడ్డలు. మహాత్ముడు పోయిన మరుసటి ఏడాది, 1949లో, ఓడరేవు కార్మికులు పెట్టుకున్న బృందం. డెబ్భైలలో అది చివికిపోతున్న సమయంలో జిల్ తానే తలపాగా చుట్టి వాళ్లతో నడిచారు, వాళ్ల మీద పాట కట్టారు. ఆడవాళ్లను అందులో నడవనివ్వరు, ఆ పద్ధతి నాకు నచ్చలేదు. పక్కన నిలబడి చూడు. లావెండర్ అత్తరు చల్లుతారు, నీలం తెలుపు పూసల దండలు వేస్తారు. ముద్దు పెడితే దండ ఇచ్చే అలవాటు కూడా ఉంది, నువ్వు నవ్వి తప్పుకో. వీధి చివర తెల్ల లేసు గౌనులతో కూర్చున్న అమ్మల దగ్గర అకరజే తిను. అచ్చం మన అలసంద వడే, ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. మధ్యలో పెట్టే ముద్దలో ఎండురొయ్యల పొడి ఉంటుంది, వద్దని ముందే చెప్పు.

పెద్ద యాత్రలు ఇక చాలని 2025 మార్చిలో సాల్వడార్‌లోనే 'తెంపో రెయ్' అనే ఆఖరి పెద్ద యాత్ర మొదలుపెట్టారు. కాలమే రాజు అని ఆ మాటకు అర్థం. ఎనభై మూడేళ్లు నిండబోతూ స్టేడియాల్లో పాడారు. మేం ఇక్కడికి తిరిగి రావడానికి సామాను సర్దుకుంటున్న రోజులు. ఏప్రిల్ 26న సావో పాలోలోని అల్లియాంజ్ పార్క్ స్టేడియంకు వెళ్లాను. 'ద్రావ్' వచ్చింది. దాన్ని పాడడానికి కూతురు ప్రేతా వేదిక మీదికి వచ్చింది. క్యాన్సర్‌తో పోరాడుతున్న మనిషి. ఆ పాట ఎవరి కోసం కట్టారో ఆవిడ కన్నకూతురు. నా చుట్టూ అప్పటిదాకా ప్రతి పాటా పాడిన జనం ఆ పాటకు నోరు విప్పలేదు. ఇరవై ఏడేళ్లలో పక్కవాళ్లు పాడకుండా ఆ పాట విన్నది అదొక్కసారే. జూలై 20న ఆ అమ్మాయి పోయిందని ఇక్కడ విశాఖలో వార్త చూశాను. గింజ మాట గుర్తొచ్చి చాలాసేపు బాల్కనీలో కూర్చున్నాను.

పెద్ద యాత్రలు వద్దన్నారు గానీ పాట మానతానని అనలేదు. ఏ చిన్న వేదిక మీదో కనిపిస్తారు, కళ్లు తెరిచి ఉంచుకో. ఈలోగా కయెతానోను చూసిరా. ఇద్దరిదీ ఒకటే ఏడు, 1942.

మేం ఖాళీ చేసిన ఇంటి పక్కవాళ్ల దగ్గర నా అట్టపెట్టె ఒకటి ఉంది, నీ పేరు చెప్పాను, ఇస్తారు. అందులో పాత టికెట్లు, ఒక పూసల దండ, రెయిన్‌కోటు ఉన్నాయి. స్టేడియంలోకి గొడుగు తీసుకుపోనివ్వరు, కోటు వాడుకో. ఎడమ జేబు చిరిగి ఉంటుంది, అందులో విద్యార్థి కార్డు పెట్టకు.

ఇట్లు
పెదమామయ్య