తుపాకి ఇంట్లో పెట్టి జనంలోకి పో

జమ్మలమడుగు

అల్లుడికి మామ ఆశీస్సులు.

నీ జాబు అందింది. మనిషికి ఇప్పుడున్న రెండు తుపాకుల పరిమితిని ఒకటికి దించుతారని, పంట కాపలాకు కొత్త లైసెన్సులు ఆపేస్తారని కడపలో గట్టిగా అనుకుంటున్నారని రాశావు. లైసెన్సులున్న వాళ్లందర్నీ కూడగట్టి కలెక్టరేటు ముందు ర్యాలీ తీద్దామా అని అడిగావు. ర్యాలీ వద్దు నాయనా. ముందు చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి.

మొదట కాగితం చూడు. జనం అనుకునేది వేరు, గెజిట్‌లో వచ్చేది వేరు. బిల్లా, నిబంధనల ముసాయిదానా, లేక ఎవరో ఫోన్లో పంపిన కబురా తేల్చుకో. చట్టాల ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకోవాలని 2014లో కేంద్రం ఒక పద్ధతి పెట్టుకుంది. అన్నిసార్లూ అది జరగదు. జరిగినప్పుడు మాత్రం ఆ 30 రోజుల్లో పోయే ఒక మంచి అర్జీ పది ర్యాలీల పని చేస్తుంది. కాగితం లేకుండా ఊరిని లేపితే, రేపు నిజంగా కాగితం వచ్చిన రోజున నీ మాట ఎవరూ నమ్మరు.

2019లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. 1959 ఆయుధాల చట్టం కింద అప్పటిదాకా మనిషికి మూడు ఉండేవి. ఆ నవంబరులో లోక్‌సభలో పెట్టిన బిల్లు దాన్ని ఒక్కటి చేసింది. తాతల కాలం నుంచి ఇంట్లో ఉన్న తుపాకులను ఏం చెయ్యాలి, పోటీలకు పోయే షూటర్లు ఏం కావాలి అని దేశమంతటా అభ్యంతరాలు లేచాయి. డిసెంబరులో బిల్లు పాసయ్యేటప్పటికి ఒకటి పోయి రెండు అయింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోపల దాన్ని అప్పగించాలన్నారు. నాకు ఇందులో కనిపించేది ఒకటే. చట్టమే వద్దు అన్నవాళ్ల మాట గాలికి పోయింది. "ఈ ఒక్క అంకె దగ్గర మాకు ఈ నష్టం ఉంది, దీన్ని మార్చండి" అన్నవాళ్ల మాటకు చోటు దొరికింది.

మీ కుర్రోళ్లు పంచుకునే అమెరికా వీడియోలు నేనూ చూశాను. వాటిని ఇక్కడ వాడొద్దు. వాళ్లకు 1791 నుంచి రాజ్యాంగంలోనే ఆ హక్కు ఉంది. మనకు లేదు. 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఆయుధం ఉంచుకునే హక్కు రాసుకున్నారు, అదీ నియమాలకు లోబడి. రాజ్యాంగంలోకి అది రాలేదు. మన దేశంలో తుపాకి సర్కారు ఇచ్చే లైసెన్సు మీద బతుకుతుంది. జనం నమ్మకం పోతే లైసెన్సూ పోతుంది. అదీగాక మన రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన సభ పెట్టుకునే హక్కులో "ఆయుధాలు లేకుండా" అని రాసే ఉంది. కాబట్టి నువ్వు పెట్టే ఏ సమావేశానికీ ఒక్క తుపాకి కూడా రాకూడదు. భుజాన వేసుకుని ఫోటో దిగినవాణ్ణి ఆ రోజే పక్కన పెట్టు, వాడు ఎంత దగ్గరివాడైనా సరే.

ఇక అసలు సంగతికి వస్తాను. మనది రాయలసీమ. తుపాకి మాట ఎత్తగానే ఇక్కడి జనానికి పంట కాపలా గుర్తుకు రాదు, ఫ్యాక్షన్ గుర్తుకొస్తుంది. మన సీమలో ఎక్కువ ప్రాణాలు తీసింది నాటు బాంబులూ వేటకొడవళ్లూ కదా, లైసెన్సు తుపాకి కాదు కదా అని నువ్వు వాదిస్తావు. ఆ వాదన మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి ముందు ఎప్పుడూ పెట్టకు. బాంబుతో పోయాడా గుండుతో పోయాడా అనే లెక్క ఆమెకు అక్కర్లేదు. 2005 జనవరిలో అనంతపురంలో పరిటాల రవిని పట్టపగలు కాల్చి చంపిన సంగతి ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. తుపాకికి భయపడే మనిషి దగ్గరకే నువ్వు మొదట పోవాలి. మనవాళ్ల మధ్య కూర్చుని మనవాళ్లకే చెప్పుకుంటే ఏం ప్రయోజనం?

నేను పోయిన సంక్రాంతికి ముందు మా ఇంటి అరుగు మీద వీధి ఆడవాళ్లను పది మందిని కూర్చోబెట్టాను. మీ అత్తే పిలిచింది. డబుల్ బారెల్‌ను పెట్టెలోంచి తీసి, మడిచి, గొట్టాలను వెలుతురుకు పెట్టి ఖాళీగా ఉన్నాయని చూపించాను. తూటాలు వేరే గదిలో బీరువాలో ఉంటాయన్నాను. లైసెన్సు పుస్తకంలో ఎన్ని కొన్నానో, ఎన్ని వాడానో చదివాను. ఫ్యాక్షన్‌లో ఇంటాయన్ని పోగొట్టుకున్న అక్క ఒకామె ఉంది. ఆమె గొట్టాల వైపు చూడనే లేదు. "ఆ పెట్టె తాళంచెవి రాత్రిపూట ఎక్కడుంటుంది? మీ చిన్నోడు తాగొచ్చిన రోజు ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్లు తాళంచెవి దేవుడి గూట్లోనే ఉంది. ఇంట్లో ఎవరికైనా తెలిసిన చోటే. మర్నాడు జమ్మలమడుగు బజారులో కొత్త తాళం కొన్నాను. ఒక చెవి నా మొలతాడుకు, రెండోది మీ అత్త కొంగుకు. వారం తర్వాత ఆ అక్క ఇంటికి పొయ్యి చెప్పాను. "అదీ మాట" అంది, అంతే. రేపు మన అర్జీ మీద సంతకం పెడుతుందో లేదో నాకు తెలియదు. మన మాట వినడానికి మాత్రం కూర్చుంటుంది. మీ వాళ్లలో ప్రతి ఒక్కరినీ ఆ అక్క అడిగిన ప్రశ్న అడుగు. జవాబు చెప్పలేనివాడు ఇంకొకరి దగ్గరకు సంతకానికి పోకూడదు.

పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చడం సంగతి. నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు మా పెదనాన్న కొడుకు పెళ్లి ఊరేగింపులో నేనే కాల్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పక్కింటి బాలింత ఉలిక్కిపడి చంటిబిడ్డతో సహా మంచం మీంచి పడింది. ఆ ఇంటివాళ్లు రెండేళ్లు నా గడప తొక్కలేదు, వాళ్లది న్యాయమే. 2019 సవరణతో అట్లా కాల్చి ఎదుటివాళ్లకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఈ నిబంధనను మనం మనసారా సమర్థించాలి. సమర్థిస్తున్నామని అర్జీలో మొదటి పేరాలోనే రాయి. మంచి నిబంధనకు తలవంచినవాడే చెడ్డ నిబంధనను వద్దనగలడు.

మన తరఫున మాట్లాడగలవాళ్లు తుపాకి ఉన్నవాళ్ల కంటే బయటే ఎక్కువ. ఎర్రమల కింద, లంకమల కింద శెనక్కాయ వేసిన రైతుల దగ్గరకు పో. పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి చేను నాగలి దున్నినట్టు ఉంటుంది. తుపాకి లేని రైతు ఏం చేస్తున్నాడు? చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. ఆ తీగ తగిలి పక్క చేను రైతులు పోతున్న వార్తలు నువ్వూ చదువుతున్నావు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే పంట కాపలాకు మందు కూరే తుపాకి లైసెన్సు సంగతి ఉంది. కొత్త సంగతేమీ మనం అడగడం లేదు. కానీ నిజం దాచకు. పందిని కాల్చాలన్నా అడవి శాఖ అనుమతి ఉండాలి, జింకను ముట్టుకోనే కూడదు. మనకు కావాల్సింది చప్పుడు, భయపెట్టి తరమడం. వేటగాళ్లకు మన గుంపులో చోటు లేదని ఆ రైతుల ముందే చెప్పు.

తర్వాత రిటైరైన సైనికులు. బ్యాంకుల ముందు, నగల కొట్ల ముందు సొంత తుపాకితో కాపలా ఉంటున్నవాళ్లు ఎంత మంది లేరు! తుపాకి ఉంటేనే ఆ ఉద్యోగం, ఆ జీతం. వాళ్ల భార్యలతో మాట్లాడించు. ఒక ఇంటావిడ పిల్లల ఫీజుల లెక్క చెప్తే వినేవాళ్ల గుండెకు తగులుతుంది.

అడిగేది మూడు నాలుగు మాటల్లో ఉండాలి. తాతల తుపాకిని వారసుడి పేరుకు మార్చుకునే వీలు ఉండాలి. పంట లైసెన్సు రెన్యువల్‌కు ఒక గడువు ఉండాలి, నిరాకరిస్తే కారణం రాసివ్వాలి. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేసిన తుపాకికి రసీదు, తడి తగలని చోటు ఉండాలి. ఒకసారి నేను ఒక స్టేషన్లో పెట్టిన సింగిల్ బారెల్ తిరిగొచ్చేసరికి తుప్పు పట్టి గొట్టం గుంటలు పడింది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అయినా అర్జీలో ఎవరినీ తిట్టలేదు, నువ్వూ తిట్టొద్దు. రసీదు అడిగితే ఏ అధికారీ కాదనలేడు.

ఏ పార్టీ జెండా కిందా పోవద్దు. మన జిల్లాలో ఒక జెండా కిందకి పోతే సగం ఊరు ఆ క్షణమే దూరమవుతుంది. ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా, ఓడిపోయినాయన దగ్గరకు కూడా అదే కాగితం తీసుకుపో.

శుక్రవారం ఒంటరిగా రా, మీ సంఘం వాళ్లను వెంటబెట్టుకుని రావద్దు. మీ అత్త నీకోసం సద్దరొట్టెలు చేస్తానంటోంది. తిన్నాక సాయంత్రం ఆ అక్క ఇంటికి ఇద్దరం పోదాం. నువ్వేమీ మాట్లాడొద్దు, ఆమె అడిగేవన్నీ రాసుకో. అర్జీ ఆ ప్రశ్నల మీదే రాద్దాం.

ఇట్లు,
మీ మామ