ఆఫీసులో కోతల పుకార్లు.. మెట్లెక్కితే ఛాతీలో బిగింపు: ఇది గ్యాసేనా డాక్టర్?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. సొంతూరు గుంటూరు. పద్నాలుగేళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటున్నాం, ఇల్లు శివారు కేటీలో. ఒక పెద్ద ఎనర్జీ కంపెనీలో మేనేజర్‌ని. నా కింద తొమ్మిది మంది, పైన ఇంకో నాలుగు లేయర్లు. మూడు నెలలుగా ఆఫీసులో ఒకటే మాట, మధ్య స్థాయి మేనేజర్లను తీసేస్తున్నారని. ‘వచ్చే గురువారం లిస్టు’ అంటారు. గురువారం వెళ్లిపోతుంది, ఏమీ జరగదు. మళ్లీ ఇంకో గురువారం. పైవాళ్లను అడిగితే తమకూ తెలియదంటారు. నా టీమ్ నన్ను అడుగుతుంది, నేనూ అదే చెబుతాను. రాత్రి మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. ఇక తెల్లారేదాకా ఫోన్‌లో మెసేజ్‌లు చూస్తుంటాను. పడుకునే ముందు రెండు పెగ్గులు అలవాటయ్యాయి. నెల క్రితం ఇండియా నుంచి వచ్చిన బావమరిది ఆల్‌ప్రజోలం 0.5 స్ట్రిప్పులు ఇచ్చాడు, రోజూ రాత్రి ఒకటి వేసుకుంటున్నా. గ్యాస్ బాగా పెరిగింది. పార్కింగ్ గ్యారేజీలో మెట్లెక్కుతుంటే ఈ రెండు వారాల్లో మూడుసార్లు ఛాతీ పట్టేసినట్టయింది, ఆగితే తగ్గిపోయింది. ఇంట్లో మిషన్‌లో బీపీ 150/96 చూపించింది. మా నాన్నగారు 52 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. నాది హెచ్1బీ, ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. పెద్దవాడు పదకొండో తరగతి. ఇంట్లో ఇవేవీ చెప్పలేదు. ఒక్కోసారి నేను లేకపోతేనే నయం, ఇన్సూరెన్స్ డబ్బులైనా వస్తాయి అనిపిస్తుంది. ఆల్‌ప్రజోలం కన్నా మంచి నిద్రమాత్ర ఏదైనా చెబుతారా?
– పేరు వద్దన్నారు, హ్యూస్టన్

జవాబు: మీరు అడిగింది నిద్రమాత్ర గురించి. నేను మాత్రం మధ్యలో మీరు అలవోకగా రాసుకుంటూ పోయిన రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఈ జవాబు ఇక్కడ వచ్చేదాకా ఆగడం మంచిది కాదనిపించి, ఆ రెండింటి గురించి మీకు ముందే మెయిల్ పంపించాను. మీలాంటి వారు ఇంకెందరో ఉంటారు కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

మొదటిది ఆ మెట్లు. శ్రమ పడితే ఛాతీ బిగించడం, ఆగితే వదలడం, అదీ రెండు వారాలుగా కొత్తగా మొదలవడం. ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ఏ డాక్టరైనా ముందు గుండె రక్తనాళాలనే అనుమానించాలి. అది కాదని పరీక్షల్లో తేలాకే గ్యాస్, టెన్షన్ అన్న మాటలు. మన ఇళ్లలో ‘గ్యాసే అనుకున్నామండీ’ అన్న మాట నేను నా సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చాలాసార్లు ఆ మాట అన్నది భార్యో, కొడుకో. ఆ మనిషి అప్పటికే లేడు. గ్యాస్‌కు మెట్లతో పనిలేదు. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే పోయేదాన్ని గ్యాస్ ఖాతాలో వేయకండి.

మీ నాన్నగారి వయసు కూడా నన్ను కలవరపెట్టింది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చినట్టు తేలింది. మిగతా దేశాల వారితో పోలిస్తే ఇది దాదాపు ఆరేళ్లు ముందు. మానసిక ఒత్తిడి కూడా బీపీ, షుగర్, పొగతాగడం సరసన నిలబడే ముప్పేనని చెప్పిందీ ఆ అధ్యయనమే. అంటే ‘ఇది ఉత్త టెన్షన్’ అని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. ఆ టెన్షనే గుండెను దెబ్బతీసే వాటిలో ఒకటి.

ఇవాళో రేపో డాక్టర్‌ను చూడండి. ‘మూడు వారాల తర్వాత అపాయింట్‌మెంట్’ అంటే ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, నాకు రాసినట్టే అక్కడా చెప్పండి: ఎక్కితే వస్తోంది, ఆగితే పోతోంది, నాన్నగారు 52 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా ఉందని సంబరపడి వచ్చేయకండి. రక్తనాళాల్లో అడ్డంకి ఉన్నా అది బాగానే కనిపించవచ్చు. స్ట్రెస్ టెస్టు గానీ, గుండె రక్తనాళాలను చూసే స్కాన్ సీటీ కరోనరీ యాంజియో గానీ అవసరమా అని మీరే అడగండి. అప్పటిదాకా మెట్లు, జిమ్ము, బరువులు మానేయండి. విశ్రాంతిగా ఉన్నప్పుడే బిగింపు వచ్చి ఐదు నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా, ఊపిరి ఆడకపోయినా 911కు ఫోన్ చేయండి. కారు మీరు నడుపుకుంటూ వెళ్లొద్దు. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే, ఫోన్‌లో వాళ్లు చెబితే ఒకటి నమలండి.

రెండోది, ‘నేను లేకపోతేనే నయం’ అన్న మాట. అది అలసటలో రాసిన మాటే కావచ్చు. నిద్రలేని మెదడుకు దారులన్నీ మూసుకుపోయినట్టే కనిపిస్తాయి. అయినా డాక్టర్‌గా నేను దాన్ని చదివి పక్కన పెట్టలేను. అందుకే సూటిగా అడుగుతున్నాను: ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అన్నదాకా వెళ్లిందా? ఏ కొంచెమైనా అవునైతే, అమెరికాలో 988కి ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి. ఏ వేళైనా మనిషి మాట్లాడతారు. ఇక్కడ ఇండియాలో చదువుతున్న వారికి టెలీ మానస్, 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఇదీ అడగాలి: ఇంట్లో గన్ ఉందా? ఉంటే కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి పంపేయండి. ఆ మాత్రల స్ట్రిప్పులు మీ ఆవిడ చేతికివ్వండి. పదకొండో తరగతి పిల్లాడికి కావాల్సింది మీ పాలసీ డబ్బు అని నేను ఎంత మాత్రం నమ్మను.

ఆ మాత్రల సంగతి. ఆల్‌ప్రజోలం ఎంత పాడు పని చేస్తుందో తెలంగాణ పల్లెల్ని అడిగితే తెలుస్తుంది. కల్తీ కల్లులో దాన్నే కలిపేవారు. దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోయిన రోజుల్లో చేతులు వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు వచ్చారు. ఆ కల్లులో ఉన్న మందూ మీ డ్రాయర్‌లో ఉన్న మందూ ఒకటే. నెల రోజులుగా రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ఇవాళ్టి నుంచి ఒక్కసారిగా మానేయకండి. డాక్టర్‌కు చెప్పి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోండి. మానేయాల్సింది దానితో పాటు తాగుతున్న మద్యం. ఈ రెండూ కలిస్తే నిద్రలో ఊపిరే మందగిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. అయితే ఈ మూడు నెలల్లో రెండు పెగ్గులు నాలుగయ్యి, తాగని రోజు చేతులు వణుకుతుంటే అదీ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. అలాంటప్పుడు మద్యాన్ని కూడా ఆయన చూస్తుండగానే మానాలి.

ఆ మూడింటి మెలకువకు సగం కారణం ఆ పెగ్గులే అని మీకు తెలియకపోవచ్చు. మద్యం తొందరగా నిద్రపుచ్చుతుంది. ఒంట్లోంచి దిగిపోయేటప్పుడు మాత్రం తట్టి లేపేస్తుంది. సరిగ్గా తెల్లవారుజామున కార్టిసాల్ అనే హార్మోను పెరగడం మొదలవుతుంది. రెండూ ఒకచోట కలుస్తాయి, మనసులో గురువారం లిస్టు సిద్ధంగా ఉంటుంది. ఇక నిద్రెలా పడుతుంది?

నిద్రమాత్ర పేరు చెప్పమన్నారు. చెప్పను. అమెరికాలోని ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే, దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన చికిత్స మాత్ర కాదని, నిద్రకు సంబంధించిన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని చెప్పింది. ఆరేడు సిట్టింగులు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. అది మొదలయ్యేలోపు ఒక్క పని చేయండి. ఫోన్‌ను పడకగదిలోంచి తీసేసి వంటింట్లో ఛార్జింగ్ పెట్టండి. అలారానికి పది డాలర్ల గడియారం కొనుక్కోండి. మూడింటికి లేచి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి. కళ్లు మూతలు పడ్డాకే మంచమెక్కండి.

ఇక అసలు రోగం, ఆ పుకారు. అది ఉత్తదని నేను మిమ్మల్ని ఓదార్చలేను. 2025 ఫిబ్రవరిలో చమురు కంపెనీ షెవ్రాన్ 2026 చివరికల్లా 15 నుంచి 20 శాతం సిబ్బందిని తగ్గిస్తామంది. అదే ఏడాది సెప్టెంబరులో కొనోకోఫిలిప్స్ 20 నుంచి 25 శాతం అంది, ఎక్సాన్‌మొబిల్ దాదాపు 2,000 ఉద్యోగాలంది. మీ కంపెనీ పేరు మీరు రాయలేదు, నాకు అవసరమూ లేదు. ఆ ఊళ్లో ఈ రంగంలో ఉన్నవాడికి భయం రావడం సహజం.

లండన్‌లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యం మీద 1985లో మొదలైన వైట్‌హాల్ 2 అధ్యయనం ఉంది. అది సాగుతుండగా ఒక శాఖను ప్రైవేటుకు ఇచ్చేస్తారన్న మాట వచ్చింది. అప్పటికి ఎవరి ఉద్యోగమూ పోలేదు, పోతుందేమోనన్న రోజులు మాత్రమే. ఆ రోజుల్లోనే ఆ శాఖలోని మగవాళ్లు తమ ఆరోగ్యం పాడవుతోందని చెప్పడం మొదలుపెట్టారు. మిగతా శాఖల్లో ఆ తేడా లేదు. 1995లో అచ్చయిన ఫలితమిది. 2016లో అదే నగరం నుంచి ఇంకో ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద రాయి కింద పాముందో లేదో చెప్పమన్నారు. పాముంటే చేతికి షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటికన్నా, రావచ్చు రాకపోవచ్చు అన్న సగం సగం స్థితిలోనే వాళ్లకు చెమటలు ఎక్కువ పట్టాయి, కంటిపాపలు ఎక్కువ విచ్చుకున్నాయి.

మీరు మూడు నెలలుగా ఆ సగం సగంలో ఉన్నారు. కాబట్టి ‘లిస్టు వచ్చాక చూద్దాం, అప్పుడు తగ్గిపోతుందిలే’ అనుకోకండి. జబ్బు ఇప్పుడే నడుస్తోంది, వైద్యమూ ఇప్పుడే జరగాలి. ఆ సందిగ్ధాన్ని మొత్తం తీసేయడం మీ చేతుల్లో లేదు, కొంత తగ్గించుకోవచ్చు. పుకార్ల మెసేజ్‌లు రోజుకు ఒక్కసారి, సాయంత్రం ఆరింటికి, పావుగంట చూడండి. మిగతా సమయంలో ఆ గ్రూపులను మ్యూట్ చేయండి. లిస్టు నిజంగా వస్తే దాన్ని ఆ గ్రూపులు ఆపలేవు కదా. ఒక శనివారం ఇమిగ్రేషన్ లాయర్‌తో గంటసేపు కూర్చుని, 60 రోజుల్లో ఏమేం చేయవచ్చో కాగితం మీద రాయించుకోండి. వందమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే కంపెనీలు పెద్ద ఎత్తున తీసేసేటప్పుడు సాధారణంగా 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలని 1988లో చేసిన చట్టం అక్కడ ఉంది. అది మీకు వర్తిస్తుందా, వీసా గడువు ఎప్పటినుంచి లెక్క అన్నదీ ఆయన్నే అడగండి. అంకెలు తెలిస్తే భయం పోతుందని చెప్పను, దానికి ఒక కొలత వస్తుంది.

ఇన్సూరెన్స్ చేతిలో ఉండగానే గుండె పరీక్షలు, కొలెస్ట్రాల్, వంశపారంపర్యంగా వచ్చే కొవ్వు లైపోప్రొటీన్-ఏ, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ చేయించేసుకోండి. ఒకవేళ ఉద్యోగం పోయినా కోబ్రా అనే చట్టం కింద సాధారణంగా 18 నెలల దాకా అదే పాలసీ కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, బరువే. కానీ గుండె మందులు మొదలయ్యాక మధ్యలో ఆగడం కన్నా నయం. బీపీ విషయానికొస్తే, ఒక్క రీడింగ్‌తో నేనేమీ అనను. ఐదు నిమిషాలు కూర్చుని, వీపు ఆనించి, పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఏడు రోజులు రాసుకుని డాక్టర్‌కు చూపించండి. పచ్చళ్లు, అప్పడాలు ఆ ఏడు రోజులనే కాదు, ఇకపైనా తగ్గించాల్సిందే.

ఇంట్లో చెప్పలేదన్నారు. మూడు నెలలుగా రాత్రి మూడింటికి లేచి ఫోన్ వెలుగులో కూర్చునే మనిషి పక్కన పడుకున్న ఆవిడకు ఏమీ తెలియదని మీరు నిజంగా అనుకుంటున్నారా? ఏదో ఉందని తెలిసే ఉంటుంది. ఏమిటో తెలియక ఆవిడా మీలాగే సగం సగంలో ఉండి ఉంటారు. ఈ రాత్రి చెప్పండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే నాకు రాసిన ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టండి, ఆ చివరి మాటతో సహా. రేపు డాక్టర్ దగ్గరికి ఆవిడనూ తీసుకెళ్లండి. నాన్నగారి సంగతి, మాత్రల సంగతి మీరు మరిచిపోయినా ఆవిడ చెబుతారు.

ఈసీజీ, రక్తపరీక్షల కాగితాలు చేతికి రాగానే నాకూ ఒక మాట రాయండి.

– జనరల్ ఫిజీషియన్, హైదరాబాద్