కొండ మీద ఉద్యోగం, చలి, ఎలక్ట్రిక్ స్కూటర్: ఆరేళ్లు ఎక్కి దిగిన అనుభవం

మీ ప్రశ్న: శృంగవరపుకోట దగ్గర కొండ మీది ఊరికి ఉద్యోగం వేశారు. చలి ఎక్కువట. పెట్రోలు పెద్దగా తగలబెట్టకుండా రాకపోకలు సాగించవచ్చా? ఎలక్ట్రిక్ స్కూటర్ కొనమంటారా?

కొనండి. కానీ అంతకంటే ముందు కొండ మీద ఒక గది చూసుకోండి.

నేను ఆ వైపే ఆరేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేశాను. మొదటి ఏడాది శృంగవరపుకోటలో కాపురం, కొండ మీద బడి. పోను 22 కిలోమీటర్లు, రాను 22. నెలకు 25 రోజులు తిరిగితే 1,100 కిలోమీటర్లు. ఆ మలుపుల్లో నా బండి లీటరుకు 45 దాటేది కాదు కాబట్టి 24 లీటర్ల పైమాటే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే నెలకు 56 కిలోలు. రెండో ఏడాది పైనే గది తీసుకుని, శనివారం దిగి సోమవారం ఎక్కడం మొదలుపెట్టాక అది 9 కిలోలకు దిగింది. బండి అదే, పెట్రోలు అదే.

ఈ తెలివి నాది కాదు, గది ఇచ్చిన ఇంటావిడ దగ్గర నేర్చుకున్నది. ఆమె వారానికి ఒక్కసారి, సంత రోజునే దిగేది. బయలుదేరే ముందు కొంగుకు ముడులు వేసుకునేది: బ్యాంకుకు ఒకటి, మనవడి కళ్లద్దాలకు ఒకటి, పొరుగింటివాళ్ల బీపీ మాత్రలకు ఒకటి. పని అయిన కొద్దీ ముడి విప్పేది. జీపు పైకప్పు మీద చింతపండు బస్తాలు, కొండ చీపుర్లు. లోపల పన్నెండు మంది. (అంతమందిని ఎక్కించడం క్షేమం కాదు, ఒప్పుకుంటాను.) లీటరు డీజిలుకు దాదాపు 2.7 కిలోలు వెలువడినా, జీపు లీటరుకు 12 కిలోమీటర్లు నడిస్తే తలకు కిలోమీటరుకు 19 గ్రాములే పడుతుంది. ఒక్కడినే వెళ్లే నాకు 51 గ్రాములు. ఈ లెక్క చెబితే ఆమె నవ్వింది. “మనిషికో బండి ఎందుకు మాస్టారూ, మీకేమైనా పెళ్లి ఊరేగింపా?” అంది.

ఇక స్కూటర్ సంగతి. అందరూ చలి గురించే భయపెడతారు. లిథియం బ్యాటరీకి చలి పడదన్న మాట నిజమే, సున్నా డిగ్రీల కంటే కింద ఛార్జింగ్ పెడితే దెబ్బతింటుంది కూడా. అయితే మన కొండల్లో పుష్యమాసం తెల్లవారుజామున కూడా సాధారణంగా సున్నాకు పైనే ఉంటుంది. మంచులో బతికే నార్వేలోనే 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది బ్యాటరీవి. మనకు అసలు పరీక్ష ఎత్తు. మనిషీ బండీ కలిపి 180 కిలోలు అనుకుంటే, 700 మీటర్లు పైకి ఎత్తడానికే 0.34 యూనిట్లు కావాలి. మోటారులో పోయేది, రోడ్డు తినేది కలుపుకుంటే పైకి ఒక యూనిట్ సరిపోతే అదృష్టం. వెనుక ఇంకొకరు, ముందు బియ్యం సంచి ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే కంపెనీ ప్రకటనలో చెప్పే కిలోమీటర్లను సగం చేసి చూసుకోండి. బ్యాటరీ ఊడదీసి గదిలోకి తెచ్చుకునే రకమైతే మేలు. మన కరెంటులో బొగ్గు వాటా పెద్దది, యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. అయినా పెట్రోలు బండితో పోలిస్తే సుమారు సగం తగ్గుతుంది.

పెట్రోలు బండే ఉంటే ఒక జాగ్రత్త. దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దొర్లించే అలవాటు అక్కడ చాలామందికి ఉంది. నేనూ చేశాను. ఒక డిసెంబరు ఉదయం, రోడ్డు తడిగా ఉంది, మూడో మలుపు దగ్గర బ్రేకు లైనర్లు కాలిన వాసన వచ్చింది. నాలుగో మలుపులో బ్రేకు పట్టలేదు, పక్క కాలువలో పడ్డాను. మోకాలు ఇప్పటికీ వాన పడేముందు చెబుతుంది. పైగా ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే, వేగం తగ్గేదాకా ఇంజిన్‌కు పెట్రోలే ఇవ్వవు. ఇంజిన్ ఆపకుండా న్యూట్రల్‌లో పెడితేనే ఐడిలింగ్‌కు (ఊరికే తిరగడానికి) కాస్త కాలుతుంది. రెండో గేరులో దిగండి చాలు.

చలికి స్వెటర్ కంటే, చొక్కాకూ స్వెటర్‌కూ మధ్య ఛాతీ మీద పెట్టుకున్న దినపత్రిక బాగా పనిచేసింది. గాలిని ఆపుతుంది, కిందకు దిగాక చదువుకోవచ్చు.

మీ ఊరు బొడ్డవర, శివలింగపురం వైపు అయితే విశాఖ–కిరండూల్ రైలును మరచిపోకండి. కరెంటుతో నడిచే లైను, ఆ ఎత్తును మీ కోసం అదే ఎక్కుతుంది. రోజుకు ఉన్నవి తక్కువ కాబట్టి పనులను రైలుకు సరిపెట్టుకోవాలి. అదొక్కటే ఇబ్బంది.

ఒక మాట మాత్రం కోపంతోనే రాస్తున్నాను. కొండవాళ్లు నడుస్తారు కాబట్టి పర్యావరణానికి మేలు చేస్తున్నారని కొందరు పొగుడుతుంటారు. రోడ్డు లేని ఊరి నుంచి నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తుంటే వెనుక సెలైన్ సీసా పట్టుకుని నడిచాను నేను. ఆ పూట అంబులెన్సు లీటర్లు లెక్కపెట్టకుండా రావాలి. తగ్గించుకోవలసింది నాలాంటివాళ్ల 1,100 కిలోమీటర్లు.

గది ఖాయం చేసుకునే ముందు ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లి ఎర్త్ వైరు ఉందో లేదో చూపించండి. నా గదిలో అది గోడలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. 16 ఆంపియర్ల సాకెట్ కూడా వేయించుకోండి. అంతవరకు బ్యాటరీ పెట్టె విప్పకండి.